నాలుగు చేతుల డాక్టరు

మా నాన్నకి ప్రోస్టేట్ క్యాన్సర్ అని రిపోర్టు వచ్చిన రోజు మా అమ్మ రెండే ప్రశ్నలు అడిగింది.

"అదేటి?"

"అదెక్కడుంటాది?"

రెండూ నన్నే అడిగింది. మా ఇంట్లో ఇంగ్లీషు రిపోర్టు చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. పెళ్లయి టికియాపారా రైల్వే క్వార్టర్లలో ఉండేదాన్ని, అక్కడి బడిలో పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని. ఆ కాగితం చదవడానికే గార్డెన్ రీచ్‌లోని అమ్మావాళ్లింటికి వచ్చాను. ముప్పై ఏడేళ్లదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని. అయినా కన్నతండ్రి ఎదురుగా కూర్చుని ఆ గ్రంథి ఎక్కడుంటుందో చెప్పడానికి నోరు రాలేదు.

"పొత్తికడుపు కిందమ్మా," అన్నాను చివరికి.

"పొత్తికడుపు కింద శానా ఉంటాయి," అంది అమ్మ.

నాన్నే నన్ను గట్టెక్కించాడు. "ఒలే, ఓడలో నీళ్లు తోడే పంపుంటాది సూడు. దాని పక్కన వాల్వుంటాది. ఆ వాల్వు పాడైనాది. అంతే."

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ జబ్బు పేరు వాల్వు. అదెంత సదుపాయమో చెప్పలేను. "వాల్వు దగ్గర మంటగా ఉందా నాన్నా?" అని బస్సులో కూడా గట్టిగా అడిగేదాన్ని. పక్క సీట్లలో ఉన్న బెంగాలీవాళ్లకి మా తెలుగులో ఆ ఒక్క మాటే అర్థమై, మాకేదో మోటారు వర్క్‌షాపు ఉందనుకునేవారు.

నాన్న శ్రీకాకుళం జిల్లా సముద్రపొడ్డు నుంచి కుర్రవాడిగా ఉన్నప్పుడే రైలెక్కి బెంగాల్ వచ్చేశాడు. ముందు ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకులో మూటలు మోశాడు, తర్వాత క్రేన్ డ్రైవరయ్యాడు. ముప్పై ఏళ్లు గాలిలో వేలాడే గదిలో కూర్చుని ఓడల కడుపుల్లోంచి బరువులు పైకి తీశాడు. రిటైరై ఆరేళ్లయింది. మనిషి గట్టివాడు. అలాంటివాడు రిపోర్టు వచ్చిన సాయంత్రం చల్లారిన టీ గ్లాసు చేత్తో పట్టుకుని, నా మొహం చూడకుండా అడిగాడు.

"అమ్మీ, నాను పోతానా?"

నాకు తెలియదు. "డాక్టర్ని అడుగుదాం," అన్నాను.

బైపాస్ మీదున్న పెద్ద ఆసుపత్రిలో ఆ డాక్టరు బెంగాలీవాడు, నా వయసే ఉంటుంది. ముందు ఆ ప్రశ్నకే జవాబు చెప్పాడు. జబ్బు ఇంకా గ్రంథి దాటి బయటికి రాలేదనీ, తొందరగానే పట్టుకున్నామనీ, నయమయ్యే అవకాశం బాగా ఉందనీ అన్నాడు. నాన్న ఒక పెద్ద ఊపిరి వదిలాడు. ఆ ఊపిరితో పాటే మా ముగ్గురికీ ఏదో పూనినట్టైంది. ఆ తర్వాత నాలుగు నెలలు మేం నవ్వినంతగా అంతకుముందు ఎన్నడూ నవ్వలేదు.

డాక్టరు కాగితం మీద బొమ్మ గీశాడు. ఉసిరికాయంత గ్రంథి, దాని మధ్యలోంచి మూత్రం దారి. కొందరికి ఏమీ చెయ్యకుండా పరీక్షలు చేస్తూ కనిపెట్టుకుని ఉంటే చాలట. నాన్న జబ్బు రకం అలా ఊరుకునేది కాదట. కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవచ్చు, లేదా గ్రంథిని తీసేయించుకోవచ్చు. తీసెయ్యడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి పొట్ట కోసి చేసేది. రెండోది ఆసుపత్రికి కొత్తగా వచ్చింది, రోబో.

వాలిపోయి కూర్చున్న నాన్న నిటారుగా లేచాడు. "రోబో అంటే యంత్రమా?"

"యంత్రమే. కానీ దానంతటది ఏమీ చెయ్యదు. నాలుగు చేతులుంటాయి. నేను పక్కన కూర్చుని నడుపుతాను."

"కూర్చునా?"

"కూర్చునే. మీటల్లాంటివి ఉంటాయి, కాళ్ల దగ్గర పెడల్సు ఉంటాయి."

నాన్న మొహం వెలిగిపోయింది. క్యాన్సర్ వచ్చిన మనిషి మొహం అలా వెలగడం ఆ డాక్టరు ఎన్నడూ చూసి ఉండడు.

తర్వాత డాక్టరు గొంతు సవరించుకున్నాడు. గ్రంథికి రెండు పక్కలా వెంట్రుకల్లాంటి నరాలుంటాయని, ఏ పద్ధతిలో చేసినా వాటికి దెబ్బ తగలవచ్చని చెప్పాడు. కొన్నాళ్లు మూత్రం ఆగదు. ఇంకా... అని నా వైపు చూసి, బల్ల వైపు చూసి, "మీ దాంపత్య జీవితం మీద కూడా..." అన్నాడు బెంగాలీలో.

మా అమ్మకి వచ్చింది బజారు బెంగాలీ. చేపలూ కూరలూ దాటి వెళ్లదు. "ఏటంటన్నాడు?" అని నన్ను గిల్లింది. నేను పైకప్పు చూస్తున్నాను. నాన్న నేల చూస్తున్నాడు. మా ఇద్దరి చూపులూ చూసి అమ్మ తనంతట తానే అర్థం చేసుకుంది.

"ఓలమ్మో!" అని పెద్దగా నవ్వేసింది. "ఓ డాక్టరుబాబూ, మనవలున్నోళ్లం! మనిసి బతికుంటే సాలు, ఇంకేటీ అక్కర్లేదు!" అని తెలుగులోనే చెప్పి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా డాక్టరు కూడా నవ్వేశాడు.

నవ్వులు కాస్త తగ్గాక నాన్న, చెవులు ఎర్రగా కందిపోయి ఉండగా, బెంగాలీలో చాలా మర్యాదగా అన్నాడు. "వీలైతే ఆ నరాలు ఉంచెయ్యండి డాక్టర్‌బాబూ."

అదేమిటో ఈసారీ అమ్మకి చెప్పకుండానే అర్థమైంది. చప్పున కొంగు మొహం మీదికి లాక్కుంది. ఇంటికి వెళ్లేదాకా తియ్యలేదు.

మా గల్లీలో సగం ఇళ్లు మా ఊరి వైపు వాళ్లవే. మర్నాటికల్లా నాలుగు చేతుల ఇనుప మనిషి నాన్నకి ఆపరేషన్ చేస్తాడని పాకిపోయింది. దానికి కళ్లుండవని ఒకరు, కరెంటు పోతే చెయ్యి కడుపులోనే ఉండిపోతుందని ఒకరు. ఎదురింటి ముసలమ్మ మాత్రం, "నాలుగు సేతులా? అయితే దేవుడే. భయం నేదు," అని తేల్చేసింది. ఆవిడ ఆ మాట అన్నాక గల్లీలో ఎవరూ నోరెత్తలేదు.

నోరెత్తినవాడు జేఠు ఒక్కడే.

జేఠు అంటే బెంగాలీలో పెదనాన్న. మా నాన్నకి స్నేహితుడు, పక్క గల్లీ బెంగాలీ ఆయన. నాన్న ఆయన్ని దాదా, అంటే అన్నా, అని పిలిచేవాడు. నాన్న పైన క్రేన్‌లో ఉంటే, జేఠు ఓడ మీద నిలబడి చేత్తో సైగలు చేసేవాడు. ఆయన చెయ్యెత్తితే బరువు లేచేది, వేలు తిప్పితే దిగేది. యూనియన్ పెద్ద కూడా ఆయనే. నా చిన్నప్పుడు డాకులకి కంటైనర్లు, ఆఫీసులకి కంప్యూటర్లు వస్తాయన్నప్పుడు వాటిని అడ్డుకోవడానికి ఆయన ముందు, నాన్న వెనక జెండాలు పట్టుకుని ఊరేగింపుల్లో నడిచారు. ఆ నినాదం ఈ ఊళ్లో అందరికీ తెలుసు: "చోల్బే నా!" అంటే సాగనివ్వం అని. నేనూ ఎర్ర రిబ్బను కట్టుకుని నాన్న పక్కన అరుస్తూ నడిచాను.

జేఠు గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"మనం దేనికి నడిచాం? నీ పొట్టలోకే యంత్రాన్ని రానివ్వడానికా?"

"క్రేన్ యంత్రం కాదా దాదా?"

"క్రేన్‌లో మనిషి కూర్చున్నాడు. నువ్వు కూర్చున్నావు."

"దీనిలోనూ డాక్టరు కూర్చుంటాడట."

"నువ్వు చూశావా?"

"లేదు."

"అయితే విచారణ జరగాలి," అన్నాడు జేఠు.

విచారణకి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, యూనియన్ డైరీ చంకన పెట్టుకుని మాతో ఆసుపత్రికి వచ్చాడు. డాక్టరు ముందు డైరీ తెరిచి, కళ్లజోడు పెట్టుకుని మొదటి ప్రశ్న వేశాడు.

"ఈ యంత్రం వల్ల ఎంతమందికి పని పోయింది?"

డాక్టరు ముందు తెల్లబోయాడు. తర్వాత వేళ్లు మడుస్తూ నిజాయితీగా లెక్క చెప్పాడు. నడిపేవాడు ఒకడు, రోగి పక్కన నిలబడి పనిముట్లు మార్చే డాక్టరు ఒకడు, మత్తు డాక్టరు, నర్సులు, పైగా యంత్రాన్ని చూసుకోవడానికి ఒక టెక్నీషియన్. "పాత పద్ధతి కంటే ఒకరు ఎక్కువే."

"రోగి పక్కన ఒకరు ఎప్పుడూ నిలబడే ఉంటారా?"

"ఎప్పుడూ."

జేఠు మొహం మెత్తబడింది. ఆయన డాకులో చేసిన పని అదే కదా. "ఎవరినీ తీసెయ్యలేదు. ఒక పోస్టు పెరిగింది," అని పైకి చదువుతూ డైరీలో రాసుకున్నాడు.

"యంత్రంతో చేస్తే జబ్బు ఎక్కువ నయమవుతుందా?" అని నేనడిగాను.

"క్యాన్సర్ తీసెయ్యడంలో పెద్ద తేడా ఉందని నేను చెప్పలేను. రక్తం తక్కువ పోతుంది, గాట్లు చిన్నవి, తొందరగా ఇంటికి వెళ్తారు. ఖర్చు ఎక్కువే. అన్నిటికంటే నడిపే చేతికి అలవాటు ఉండాలి. ఈ ఆసుపత్రికి ఈ యంత్రం కొత్త, నాకు కొత్త కాదు. వేరే ఊళ్లో కొన్నేళ్లు దీని మీదే పని చేసి వచ్చాను."

అప్పుడు నాన్న, అంతసేపూ ఓపిక పట్టినవాడు, తన ప్రశ్న అడిగాడు. "పట్టుకున్నదాని బరువు మీ చేతికి తెలుస్తుందా?"

డాక్టరు కలం కింద పెట్టేశాడు. "తెలియదు," అన్నాడు నెమ్మదిగా. "చేతికి ఏమీ తెలియదు. కండ ఎంత సాగుతోందో, ఎక్కడ తెల్లబడుతోందో కంటితో చూసి గ్రహించాలి. మీకిది ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. క్రేన్‌లోనూ అంతే. పైన కూర్చున్నవాడికి బరువు తెలియదు. తాడు చూసి తెలుసుకోవాలి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకే ఊరివాళ్లు పరదేశంలో ఎదురుపడ్డట్టు. ఇంక మేమెవరమూ ఆ గదిలో లేనట్టే. ఊగుడు ఎలా ఆపాలి, ఎక్కడ ఆగాలి అని అరగంట మాట్లాడుకున్నారు. బయట రోగులు గొణుగుతున్నారు. చివరికి డాక్టరు అన్నాడు. "శనివారం మధ్యాహ్నం ఆపరేషన్లు లేవు. కుర్ర డాక్టర్లు యంత్రం మీద సాధన చేస్తారు. వచ్చి చూడండి."

శనివారం మా నలుగురికీ నీలం బట్టలు తొడిగించి, టోపీలు పెట్టించి లోపలికి తీసుకెళ్లారు. అమ్మ చీర మీదే ఆ నీలం చొక్కా వేసుకుని, జేఠుని చూసి నవ్వింది, జేఠు ఆవిడని చూసి నవ్వాడు, నర్సు చేత ఇద్దరూ చివాట్లు తిన్నారు.

యంత్రం చేతులు ప్లాస్టిక్ ముసుగులు తొడుక్కుని పెద్ద సాలీడులా ఉన్నాయి. వాటి కింద మనిషికి బదులు ఒక పీట, పీట మీద చిన్న మేకులు, కొన్ని రబ్బరు రింగులు. ఆ రింగులు తీసి మేకులకి తొడగాలి. నడిపే బల్ల గదికి అవతలి మూలన ఉంది. ఒక కుర్ర డాక్టరు కూర్చుని రింగుల్ని పడేస్తూ, మళ్లీ ఎత్తుతూ చెమటలు కక్కుతున్నాడు.

"మీరు నడిపి చూస్తారా?" అని డాక్టరు నాన్నని అడిగాడు.

నాన్న చెప్పులు ఎక్కడ విడవాలా అని చూశాడు. ఆసుపత్రి చెప్పులవి, అయినా విడిచేశాడు. ముప్పై ఏళ్లూ క్రేన్ ఎక్కేముందు ఆయన చెప్పులు విప్పేవాడట, అది నాకు ఆ రోజే తెలిసింది. కూర్చున్నాడు. అద్దాల్లోకి తల పెట్టాడు.

"ఓలమ్మో," అన్నాడు లోపల్నుంచి. "రింగు గాజంత అగుపడతంది అమ్మీ! లోతు కూడా అగుపడతంది!"

మొదటి రింగు పడిపోయింది. కుర్ర డాక్టర్లు మర్యాదగా నవ్వుకున్నారు. నాన్న తల బయటికి తీశాడు, యంత్రం చేతులు చటుక్కున ఆగిపోయాయి. తల లోపల ఉంటేనే అవి కదులుతాయట. "మంచి పద్ధతి," అని మెచ్చుకుని, మళ్లీ తల పెట్టాడు.

రెండో రింగు లేచింది. ఎంత నెమ్మదిగా లేచిందంటే, అది లేచిందని నాకు కాసేపటి దాకా తెలియలేదు. మేకు పైకి వచ్చి ఆగింది. ఊగలేదు. దిగింది. మూడోది, నాలుగోది. జేఠు తన చెయ్యి తనకి తెలియకుండానే పైకెత్తి, వేలు తిప్పుతున్నాడు. అయిదోది, ఆరోది. ఆఖరి రింగు తొడగ్గానే జేఠు గట్టిగా చప్పట్లు కొట్టాడు. నర్సు కూడా చివాట్లు మానేసి కొట్టింది.

"ఎలా చేశారు?" అన్నాడు చెమటలు కక్కిన కుర్ర డాక్టరు.

"తొందరపడితే ఊగుతుంది బాబూ. ఊగడం మొదలయ్యాక ఎవరూ ఆపలేరు. మొదలవనివ్వకూడదు," అన్నాడు నాన్న.

తిరిగొచ్చేటప్పుడు టాక్సీలో ఆయన కాళ్లు ఒకచోట నిలవలేదు. "అలాటి కేబిను నాకిచ్చుంటే నాను రిటైరే అవకపోదును!" అన్నాడు. ఆపరేషన్ రోబోతోనే అని ఆ టాక్సీలోనే నిశ్చయమైపోయింది. జేఠు కిటికీలోంచి బయటికి చూస్తూ, "యూనియన్‌కి అభ్యంతరం లేదు," అన్నాడు.

ఆపరేషన్ రోజు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. తల కిందికి, కాళ్లు పైకి ఉండేలా వంచి పడుకోబెడతామనీ, పొట్టలోకి గాలి నింపుతామనీ ముందే చెప్పారు. స్ట్రెచర్ మీద నాన్న చాలా చిన్నగా కనిపించాడు. అమ్మ ఆయన బొటనవేలు పట్టుకుని తలుపుదాకా నడిచింది, తలుపు దగ్గర వదిలేసింది. నేనూ అమ్మా బెంచీ మీద, జేఠు గోడకి ఆనుకుని. అమ్మ ఏమీ తినలేదు. నాలుగు గంటలు నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను.

డాక్టరు బయటికి వచ్చి టోపీ తీశాడు. "మొత్తం వచ్చేసింది. రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు." తర్వాత అమ్మ దగ్గరికి వచ్చి, కాస్త వంగి, "రెండు పక్కలా నరాలు ఉంచేశానమ్మా," అన్నాడు. అమ్మ గోడ వైపు తిరిగిపోయింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందా నవ్వుతోందా అని నేను ముందుకి వంగి చూశాను. రెండూను.

నాన్న కళ్లు తెరిచేసరికి, తలకిందులుగా ఉంచడం వల్ల మొహం బూరెలా ఉబ్బి ఉంది. ఆయన మొదటి మాట, "రింగేటైనా పడేసినాడా?"

మర్నాడే లేపి నడిపించారు. పొట్ట మీద ఆరు చిన్న గాట్లు. గాలి మిగిలిపోయి భుజం నొప్పి. "కోసింది పొట్ట అయితే నొప్పి బుజానికేటి?" అని కనపడ్డ డాక్టర్నల్లా అడిగాడు. మూత్రం సంచీ చేత్తో పట్టుకుని, వార్డంతా తిరిగి, పక్క మంచాలవాళ్లకి నాలుగు చేతుల కథ చెప్పి వచ్చాడు. మూడో రోజుకి ఇంటికి వచ్చేశాం. పది రోజులకి గొట్టం తీశారు. గ్రంథి చుట్టూ అంచులు శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు వచ్చింది. ఆరు వారాల తర్వాత రక్తపరీక్షలో ఆ క్యాన్సర్ గుర్తు కనపడనంత తక్కువకి పడిపోయింది. నేనా రిపోర్టు ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి, జేఠు కోసం బెంగాలీలో ఒకసారి చదివాను. నాన్న నాలుగోసారి కూడా చదవమన్నాడు.

అంతా నవ్వులే అనడం అబద్ధం. గొట్టం తీశాక మూత్రం ఆగేది కాదు. నవ్వితే, దగ్గితే, లేస్తే కారిపోయేది. ఎన్నడూ ఒకరి ముందు తల దించని మనిషి, లుంగీ తడిసిందని ఎదురింటి ముసలమ్మ చూసిన రోజు తలుపేసుకుని సాయంత్రందాకా బయటికి రాలేదు. కింది కండరాలు బిగించి, పది లెక్కపెట్టి, వదలాలి, రోజుకి చాలాసార్లు అని డాక్టరు చెప్పాడు. నాన్న రెండు రోజులు చేసి మానేశాడు. "ఒక్కడినీ కూకుని ఈ ఎర్రి పనేటి?"

జేఠుకి కబురు పెట్టాను. ఆయన సాయంత్రం వచ్చి, గల్లీ మొదట్లో ఉన్న బెంచీ మీద నాన్న పక్కన కూర్చుని, "నేనూ చేస్తాను. ఇద్దరం కలిసి," అన్నాడు.

ఎన్నికల రోజులవి. గోడలన్నీ గుర్తులే. మైకులు, ఊరేగింపులు. ఆ హోరులో ఇద్దరు ముసలివాళ్లు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఎదురుగా చూస్తూ, బిగించి, జేఠు పైకి లెక్కపెడుతూ, "ఏక్, దుయి, తిన్..." చూసేవాళ్లకి ఏమీ కనపడదు, ఇద్దరి కళ్లూ పెద్దవవడం తప్ప. దారిన పోయే కార్యకర్తలు ఆయన ఓట్లు లెక్కపెడుతున్నాడనుకుని పలకరించేవారు. దాంతో నాన్నకి నవ్వొచ్చేది. నవ్వొస్తే లెక్క పాడయ్యేది. జేఠు కోప్పడి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు.

మూడు నెలలు అలా చేశారు. నరాల సంగతి నేనడగలేదు, కూతురు అడిగే మాట కాదు. ఒక ఉదయం మాత్రం అమ్మ కొప్పులో మల్లెచెండు చూశాను. అంతకంటే నాకు తెలియదు.

ఎన్నికల ఫలితాలు వచ్చిన రోజు నేను గార్డెన్ రీచ్‌లోనే ఉన్నాను. జేఠు ఎర్రజెండా పార్టీ ఓడిపోయింది. ముప్పై నాలుగేళ్లు ఏలిన పార్టీ. ఆయన మా ఇంట్లోనే టీవీ ముందు కూర్చున్నాడు. తన ఇంట్లో చూడలేనన్నాడు. బయట టపాకాయలు పేలుతున్నాయి, గెలిచినవాళ్లు ఆకుపచ్చ రంగు చల్లుకుంటున్నారు. ఆయన కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. అమ్మ టీ తెచ్చి పక్కన పెట్టి, అక్కడే నిలబడిపోయింది.

స్నానాల గదిలోంచి నాన్న వచ్చాడు. తడి పీల్చుకోవడానికి ఉదయం లోపల కట్టుకున్న గుడ్డ చేత్తో పట్టుకుని వచ్చాడు. దాన్ని జేఠు మొహం ముందు జెండాలా ఆడించాడు.

"దాదా! చూడు! పొద్దుట్నుంచీ! పొడిగా ఉంది!"

జేఠు ఆ గుడ్డ చూశాడు. నాన్నని చూశాడు. ముట్టుకుని చూశాడు కూడా, యూనియన్ పెద్ద కదా, విచారించకుండా నమ్మడు. ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే ఏడుస్తున్నాడు. లేచి నాన్నని కావలించుకున్నాడు. నాన్న కూడా పగలబడి నవ్వుతున్నాడు. అంత నవ్వుకీ చుక్క కారలేదని మళ్లీ కేక పెట్టాడు.

"ఇయ్యాల అందరూ ఈడనే తినాల," అని అమ్మ వంటింట్లోకి వెళ్లింది. నేను ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్నాను.